వేళ్ళు ఆకాశానికి

గ్రేమ్ పెతెరిక్ పేరు వింటే చాలు, మెర్వ్ టన్నిక్లిఫ్‌కి తొమ్మిదేళ్ళుగా కడుపు మండిపోతుంది. ఆ సంగతి కర్రాబిన్ వాగుకి ఈ గట్టునా ఆ గట్టునా ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. మెర్వ్ తల్లి ఎల్‌స్పెత్ మంచం పట్టి ఉండగా, వారానికి మూడుసార్లు నిమ్మకాయ కేకు పట్టుకుని వచ్చి, పక్కన కూర్చుని, చెయ్యి నిమిరి, వాగు పక్కనున్న ఆమె అడవినంతా తాను నడిపే వాగు రక్షణ బృందం పేర రాయించుకుపోయిన పెద్దమనిషి ఆ పెతెరిక్. కన్న కొడుక్కి మిగిలింది తల్లి బూట్ల జత ఒకటి, కలుపు తీసే తుప్పు కత్తి ఒకటి. అంత్యక్రియల రోజున నలభై మంది ముందు మెర్వ్ అతన్ని "దొంగ" అన్నాడు. పెతెరిక్ జేబులోంచి రుమాలు తీసిచ్చాడు. అది మెర్వ్‌కి ఇంకా మండింది.

అందుకే శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి టానియా స్పర్జన్ తన ఆఫీసు తలుపు తట్టినప్పుడు మెర్వ్ మొదట వద్దనే అన్నాడు. వాగు, వాగు బృందం, పెతెరిక్... ఆ వైపు తలపెట్టి పడుకోవడం కూడా అతనికి ఇష్టం లేదు.

"మా ఆయన చెట్లని చంపుతాడు మెర్వ్. మనుషుల్ని కాదు," అంది టానియా. ఏడ్చి ఏడ్చి ఆమె ముఖం ఉబ్బిపోయి ఉంది. "మధ్యాహ్నం రెండింటికి కోర్టులో నిలబెడతారట. హత్య కేసు. ఒకసారి ఆ బోను ఎక్కాక ఆయన ముఖం చూసి ఎవరు నమ్ముతారు చెప్పు? నేనే ఒక్కోసారి నమ్మను."

డారిల్ స్పర్జన్ ముఖం అలాంటిదే. బుల్డోజర్ నడిపే వాడు, నోటి దురుసు. తన ఇంటి మేడ మీంచి వాగు కనబడాలని బృందం పెంచిన చెట్లకి డ్రిల్లుతో కన్నాలు పెట్టి విషం పోస్తాడని ఊరంతా అనుకుంటుంది. పోయిన నెల బృందం మీటింగులో బెరిల్ కాటమ్ అనే డెబ్బై ఒక్కేళ్ళ ముసలావిడ లేచి ఆ మాట ముఖం మీదే అడిగితే, "నీ నోటికీ ఒక కన్నం పెడతా" అన్నాడు. నిన్న, గురువారం పొద్దున, ఆ బెరిల్ కాటమ్ వాగు దిగువ ఆనకట్ట దగ్గర బోర్లా పడి ఉంది. తల వెనక ఒకే ఒక్క దెబ్బ.

మెర్వ్ పద్నాలుగేళ్ళకి బడి మానేసి కంచెలు కట్టాడు, ఇన్సూరెన్సు కంపెనీకి దొంగ క్లెయిములు పట్టిచ్చాడు, ఇప్పుడు ఊళ్ళో వాళ్ళ చిన్నా పెద్దా గొడవలు తవ్వి బతుకుతున్నాడు. అతనికి డారిల్ అంటే జాలి లేదు. కానీ రెండింటికి ఇంకా ఐదు గంటలుంది. టోపీ తీసుకున్నాడు.

* * *

బృందం షెడ్డు ముందు జ్డెంకా హోర్వాట్ టీ కప్పులు పెట్టెలో సర్దుతోంది. యాభై ఏళ్ళ కిందట క్రొయేషియా నుంచి వచ్చిన మనిషి. శనివారం శనివారం పనికొచ్చిన వాళ్ళందరికీ పదిన్నరకి టీ ఇచ్చే బాధ్యత ఆవిడది. శవాన్ని మొదట చూసింది కూడా ఆవిడే.

"ఎల్‌స్పెత్ కొడుకువి కదూ," అంది తలెత్తకుండానే. "తొమ్మిదేళ్ళకి దారి కనబడిందా ఇటు? రా అబ్బాయ్. ఆ పెట్టె ఎత్తు. మాటలు చేతులు ఖాళీగా పెట్టుకుని చెప్పను నేను."

మెర్వ్ పెట్టె ఎత్తాడు. "బెరిల్ ఎన్నింటికి వచ్చిందమ్మా?"

"నెలలో మొదటి గురువారం. ఏడింటికి నడక వంతెన మీద ఉంటుంది. వానొచ్చినా, పిడుగు పడినా. నీళ్ళు సీసాలో పట్టి, ఎంత బురదగా ఉన్నాయో, ఎంత వేడిగా ఉన్నాయో చూసి పుస్తకంలో రాస్తుంది. తర్వాత కిందకి నడుస్తుంది, ఆనకట్ట దాకా. తుంటి నొప్పి కదా, అర గంట పైనే పడుతుంది దానికి. ఏడూ నలభైకి అక్కడ రెండో పరీక్ష. ఇరవై ఏళ్ళుగా ఇదే."

"నువ్వు చూసింది?"

"తొమ్మిదీ నలభైకి. సీసాల పెట్టె తెచ్చి షెడ్డులో పెట్టలేదేంటా అని వెళ్ళాను." జ్డెంకా చేతిలో కప్పు ఆగింది. "పుస్తకం నీళ్ళలో తేలుతోంది. పెన్సిలు దారంతో దానికే వేలాడుతోంది. వాగు దగ్గర పెన్ను వాడొద్దని మీ అమ్మ పెట్టిన రూలే కదా. తడిస్తే సిరా పోతుంది, పెన్సిలు పోదు అనేది. పుస్తకం పోలీసులు పట్టుకెళ్ళారు, ఎండబెట్టి చూస్తారట."

"బెరిల్‌కి ఎవరితోనైనా గొడవా?"

"ఆ డారిల్‌గాడితో తప్ప చీమతో కూడా లేదు. బుధవారం సాయంత్రం మాత్రం ఫోన్లో ఏదోలా మాట్లాడింది. 'జ్డెంకా, నేను సంతకం పెట్టి మర్చిపోయేంత ముసలిదాన్నయిపోయానా' అంది. ఏం సంతకమే అంటే రేపు చెబుతానంది." ఆవిడ ముక్కు చీది మళ్ళీ కప్పులు సర్దింది. "రేపు!"

మెర్వ్ పెట్టెని వ్యాన్లో పెట్టాడు. "అవతలి గట్టున పని చేస్తున్నారా ఇప్పుడు?"

"మార్చి వరదల తర్వాత ఎవరం కాలు పెట్టలేదు. గట్టు విరిగి పడుతుందని గ్రేమే బోర్డు పెట్టాడు. తానూ వెళ్ళలేదట. పాపం మోకాలు వాచి వారం నుంచి ఇల్లు కదల్లేదు. నిన్న పొద్దున ఎనిమిదిన్నరకి ఫోన్ చేసి శనివారం పనికి రాలేనన్నాడు." మెర్వ్ ముఖం వైపు చూసి ఆగింది. "అదుగో. ఆ పేరెత్తగానే మూతి అలా పెడతావు. మీ అమ్మ ఇష్టపడి ఇచ్చింది అబ్బాయ్. నేను పక్కనే ఉన్నాను."

"కేకు తిన్నావా నువ్వు కూడా?"

"రెండు ముక్కలు," అంది జ్డెంకా. "బాగుంది. కప్పు పగలగొట్టేవు, జాగ్రత్త."

* * *

ముందు గేటు దగ్గర పోలీసు కాపలా ఉంది. మెర్వ్ వెనక దారి పట్టాడు. ఆ దారి తల్లి అడవిలోంచి వెళ్తుంది. తొమ్మిదేళ్ళలో ఆ నేల మీద అడుగు పెట్టడం అదే మొదటిసారి. చెట్ల మీద బతికే పోసమ్ జంతువులు తలదాచుకోవడానికని తన చిన్నప్పుడు తల్లి మేకులు కొట్టి వేలాడదీసిన పెట్టెలు పెద్ద చెట్ల మీద ఇంకా ఉన్నాయి. కొన్ని మాన్లకి మాత్రం గులాబీ రంగు రిబ్బన్లు చుట్టి ఉన్నాయి. బృందం వాళ్ళ ఏదో లెక్క అయి ఉంటుందిలే అనుకుని దాటిపోయాడు. ఎడమ చేతి వైపు కంచె అవతల పెతెరిక్ ఇంటి రేకుల కప్పు కనబడింది. అటు చూడకుండా నడిచాడు.

దారి తిన్నగా వాగు అవతలి గట్టుకి దించింది. ఎదురుగా ఆనకట్ట. బెరిల్ పడి ఉన్న చోట పోలీసులు నాలుగు మేకులు పాతి టేపు కట్టారు. ఆవిడ నిలబడి నీళ్ళలోకి వంగిన చోటికి సరిగ్గా ఎదురుగా, మెర్వ్ ఉన్న గట్టున, నీళ్ళకి పది అడుగుల దూరంలో, కాగితంలా పొరలు ఊడే బెరడున్న చెట్ల గుంపు. అక్కడ నిలబడితే వంతెన నుంచి వచ్చే కాలిబాట బారునా కనబడుతుంది. ఇటు వచ్చే వాళ్ళకి మాత్రం నిలబడ్డ మనిషి కనబడడు.

కాచుక్కూచోవడానికి తగిన చోటు అనుకుని మెర్వ్ గుంపు వెనక్కి వెళ్ళాడు. వెళ్ళి, తలెత్తి, అక్కడే నిలబడిపోయాడు.

చెట్ల పంగల్లో మొక్కలు వేలాడుతున్నాయి. జానెడు, రెండు జానల ప్రివెట్ మొలకలు. ఆకులు వాడి నల్లబడ్డాయి. ఒక్కొక్కటీ తలకిందులుగా, వేళ్ళు ఆకాశానికి చూపిస్తూ, పంగలో బిగించి ఉంది. లెక్కపెట్టాడు. పద్నాలుగు.

మెర్వ్‌కి ఏడేళ్ళప్పటి తల్లి గొంతు చెవిలో వినబడింది. ప్రివెట్ పరాయి నేల నుంచి వచ్చి ఈ అడవిని మింగేస్తున్న మొక్క. పీకి నేల మీద పడేస్తే తడి తగిలి మళ్ళీ నాటుకుంటుంది. అందుకని వేళ్ళకంటిన మట్టి దులిపి, చెట్టు పంగలో తలకిందులుగా వేలాడదీయాలి. ఒక్క మొక్క కింద పడేసినందుకు తల్లి ఒకసారి అతన్ని సగం దూరం వెనక్కి నడిపించింది. ఈ పని వాగు బృందం వాళ్ళు తప్ప ఈ ఊళ్ళో ఇంకెవరూ చెయ్యరు. వాళ్ళు మాత్రం చెయ్యకుండా ఉండలేరు. బస్సు కోసం నిలబడ్డా చేతులు కిందకే పోతాయి.

మెర్వ్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొక్కల కింద దులిపిన మట్టి గడ్డలు. చుట్టూ నేలంతా వాన చినుకులకి గుంటలు గుంటలుగా ఉంది. ఈ గడ్డల మీద మాత్రం ఒక్క చినుకు గుర్తు లేదు, అంచులు పదునుగా ఉన్నాయి. బుధవారం రాత్రంతా వాన. తెల్లవారి నాలుగింటికి తెరిపిచ్చింది. తర్వాత చుక్క పడలేదు. అంటే వీటిని పీకింది గురువారం నాలుగింటి తర్వాత. పదింటికి పోలీసులు వచ్చేశారు కాబట్టి ఆ లోపు.

"చేతులు నేల మీంచి తియ్యి మెర్వ్. నెమ్మదిగా."

డిటెక్టివ్ సార్జెంట్ లోర్నా హార్క్‌నెస్ గొంతు. ఆనకట్ట రాళ్ళ మీదుగా దాటి వచ్చినట్టుంది, బూట్లు తడిసి ఉన్నాయి. ఐదేళ్ళ కిందట మెర్వ్ తవ్విన ఒక కేసులో ఆమె పట్టుకున్న మనిషి నిర్దోషి అని తేలింది. అప్పటి నుంచి అతని లైసెన్సు ఎప్పుడు లాగేద్దామా అని చూస్తోంది.

"టేపు ఆ గట్టున కట్టారు సార్జెంట్. ఇది ఈ గట్టు."

"తెలివి! హత్య జరిగిన చోట పాకుతున్నావని రాస్తే చాలు, సోమవారానికి నువ్వు మళ్ళీ కంచెలు కట్టుకుంటావు."

"రాసుకో. ముందు తలెత్తి పైకి చూడు."

ఆమె చూసింది. "ఎండిపోయిన మొక్కలు. అడవిలో. ఎంత వింతో!"

"డారిల్ ఎన్నింటికి వచ్చాడు?"

"గేటు కెమెరాలో ఆరూ యాభైకి లోపలికి, ఏడూ యాభై రెండుకి బయటికి. వంతెన దగ్గర మూడు చెట్లకి కన్నాలు పెట్టానని వాడే ఒప్పుకున్నాడు. బెరిల్ వెళ్ళిపోయేదాకా దాక్కున్నానంటాడు, కానీ ఆవిడ వాణ్ణి చూసింది. వాడు వెంటపడి వచ్చి కొట్టాడు. ఇంకేం కావాలి నీకు, వీడియోనా?"

"చెట్టుకెన్ని కన్నాలు?"

"తొమ్మిదేసి."

"ఇరవై ఏడు కన్నాలు. ప్రతి కన్నంలో విషం. అందులోనే నలభై నిమిషాలు పోతాయి. మిగిలిన టైములో వాడు బెరిల్ కంటే ముందు ఇక్కడికి పరుగెత్తి, ఈ చెట్ల వెనక నిలబడి, పద్నాలుగు ప్రివెట్ మొలకలు వేళ్ళతో సహా జాగ్రత్తగా పీకి, మట్టి దులిపి, ఒక్కొక్కటీ వేలాడదీశాడంటావు? ఆ డారిల్‌కి ప్రివెట్‌కీ పాలకూరకీ తేడా తెలీదు లోర్నా! ఇక్కడ నిలబడ్డ మనిషి అర గంట కాచుక్కూచున్నాడు. ఊరికే కూచోలేక కలుపు తీశాడు."

హార్క్‌నెస్ తల అడ్డంగా ఊపింది. "బెరిలే తీసి ఉండొచ్చు. ఆవిడా బృందంలో మనిషే."

"ఆవిడ తుంటి నొప్పితో ఈ ఆనకట్ట దాటగలదా? దాటిందే అనుకో. చెయ్యెత్తి ఆ చివరి దాన్ని అందుకో చూద్దాం."

ఆమె చెయ్యెత్తింది. మునివేళ్ళు కూడా తగల్లేదు. మెర్వ్ ఎత్తాడు, అతనికీ జానెడు తక్కువైంది. పద్నాలుగు మొక్కలూ ఆ ఎత్తులోనే ఉన్నాయి.

"నాకంటే పొడుగు. బృందంలో నాకంటే పొడుగు మనిషి ఎవరో నేను చెప్పాలా?"

"చెప్పొద్దు." హార్క్‌నెస్ గొంతు గట్టిపడింది. "ఆ పేరు నువ్వు చెప్పకు. తొమ్మిదేళ్ళుగా ప్రతి సారా కొట్లోనూ చెబుతూనే ఉన్నావు. ఆ మనిషి ఇంటి కుళాయి కారినా అది మీ అమ్మ కన్నీళ్ళే అంటావు. రేపు కోర్టులో నువ్వు నిలబడి 'ఎండిన మొక్కలు చూశాను, గ్రేమ్ పెతెరిక్ చంపాడు' అంటే జడ్జే కాదు, వెనక బెంచీలో వాళ్ళు కూడా నవ్వుతారు. అసలు నిన్ను నువ్వు అడుక్కున్నావా? ఈ చెట్ల వెనక ఇంకో పొడుగాటి మనిషి పేరేదైనా ఉండి ఉంటే నీకింత సంతోషంగా ఉండేదా?"

మెర్వ్ మళ్ళీ పైకి ఆ మొక్కల వైపు చూశాడు. ఆమె అన్నది నిజం. పద్నాలుగు లెక్కపెట్టినప్పుడే అతని గుండెలో ఏదో ఎగిరి గంతేసింది. అది డారిల్ కోసం కాదు, బెరిల్ కోసం అంతకన్నా కాదు. ఆ సంగతి తలుచుకుంటే అతనికే సిగ్గేసింది.

"లేదు," అన్నాడు చివరికి. "కానీ మొక్కలు అబద్ధం చెప్పవు. వాటికి నా తల్లితో పనిలేదు. నువ్వెలాగూ ఆయన స్టేట్‌మెంటు మీద సంతకం పెట్టించుకోవాలిగా. ఇప్పుడే వెళదాం. నన్ను పక్కన నిలబెట్టు. పది నిమిషాలు. అందులో ఏమీ తేలకపోతే నా లైసెన్సు నేనే తెచ్చి నీ బల్ల మీద పెడతా. డారిల్‌ని నువ్వు కోర్టుకి తీసుకెళ్ళు."

హార్క్‌నెస్ వాచీ చూసింది. పదకొండు ఇరవై. మొక్కల్ని ఫోన్లో నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసింది.

"ఇవి ఇక్కడ ఉన్నాయని నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు," అంది. "తెలియనివ్వకు."

* * *

పెతెరిక్ వరండాలో కూర్చుని ఉన్నాడు. మోకాలికి కట్టు, పక్కన చేతికర్ర. డెబ్బై దాటినా నిటారుగా ఉండే మనిషి, ఒకప్పటి సర్వేయరు. మెర్వ్‌ని చూసి ముఖం చిట్లించలేదు. అదే పాత మర్యాద.

"రా మెర్వ్. కూర్చో. ఇలాంటి రోజైనా నువ్వీ గడప తొక్కావు, బెరిల్ సంతోషించేది. టీ పెట్టనా సార్జెంట్?"

"వద్దండి. రెండు ప్రశ్నలు, ఒక సంతకం. నిన్న పొద్దున మీరు ఎక్కడున్నారు?"

"ఈ కుర్చీలోనే. ఆరింటి నుంచి. ఈ మోకాలితో గేటు దాకా కూడా వెళ్ళలేను."

"అవతలి గట్టుకి చివరిసారి ఎప్పుడు వెళ్ళారు?"

"మార్చి వరదలకి ముందు. బోర్డు పెట్టింది నేనే కదా." పెతెరిక్ కళ్ళు తుడుచుకున్నాడు. అది నటన కాదని మెర్వ్‌కి అనిపించింది. అదే విచిత్రం. "ఇరవై ఏళ్ళు కలిసి పని చేశాం. ఒక్క నెల తప్పలేదు ఆవిడ. ఒక్క నెల!"

హార్క్‌నెస్ కాగితం ముందుకి జరిపింది. పెతెరిక్ కలం అందుకున్నాడు. పది నిమిషాల్లో ఆరు అయిపోయాయి. మెర్వ్ గోడకి ఆనుకుని, టోపీ చేతిలో తిప్పుతూ, ఎటో చూస్తూ అన్నాడు:

"మీ బృందం పని మాత్రం బాగా పాడైంది గ్రేమ్. మా అమ్మ చూసి ఉంటే ఏడ్చేది."

"ఏమైంది?"

"ఇప్పుడు అవతలి గట్టు మీంచే వస్తున్నాం. ఎవడో చేతకాని వెధవ ఆనకట్ట ఎదురుగా ప్రివెట్ పీకాడు. ఓ పదీ పదిహేను మొలకలు. పీకి ఏం చేశాడనుకున్నావ్? మట్టైనా దులపలేదు. తీసుకెళ్ళి బురదలో పారేశాడు. వేళ్ళు తడిలో. వారంలో అన్నీ నాటుకుంటాయి, వచ్చే ఏడాదికి గట్టంతా ప్రివెట్టే. ఇదా మీరు ఇరవై ఏళ్ళు నేర్పిన పని?"

హార్క్‌నెస్ చెయ్యి కాగితం మీద అలాగే ఉండిపోయింది. తలెత్తలేదు. మాట్లాడలేదు. ఆ ఒక్క పనికి మెర్వ్ ఆమె మీద ఉన్న కోపం సగం వదులుకున్నాడు.

"బురదలోనా?" పెతెరిక్ మెడ ఎర్రబడింది. "అబద్ధం."

"కళ్ళారా చూశాను. కుప్పగా."

"కుప్పా? ఏం మాట్లాడుతున్నావయ్యా? ఒక్కటి కూడా నేలకి తగల్లేదు! ప్రతిదీ దులిపి పంగలో బిగించి..."

మాట అక్కడ తెగింది.

కంచె మీద మాగ్‌పై పిట్ట ఒకటి గొంతు సవరించుకుంది. పెతెరిక్ చేతిలోని కలం సంతకం సగంలో ఆగి ఉంది. అక్కడ సిరా చుక్క ఊరి మెల్లగా పెద్దదవుతోంది.

"ఏ పంగలో మిస్టర్ పెతెరిక్?" అంది హార్క్‌నెస్ చాలా మెత్తగా.

"నేను... పని పద్ధతి చెబుతున్నాను. మామూలుగా..."

"బిగించి, అన్నారు. మొక్కలున్న సంగతి మా వాళ్ళెవరికీ తెలీదు. ఇందాకే మేమిద్దరం చూశాం. ఒక్కటి కూడా నేలకి తగల్లేదన్న మాట నిజం. పద్నాలుగూ పైనే ఉన్నాయి. చెప్పింది మాత్రం మీరు."

పెతెరిక్ మెర్వ్ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. పట్టుబడ్డవాడి చూపు కూడా కాదది. పనిని ఎగతాళి చేస్తే నొచ్చుకున్న చూపు. అర గంట చంపడానికి కాచుకున్న మనిషి, ఆ అర గంటా అడవికి మంచి చేస్తూ గడిపాడు. వానకి నేల మెత్తబడింది, మొలకలు చేతికి అందేలా ఉన్నాయి, ఊరుకోలేకపోయాడు. మెర్వ్ తొమ్మిదేళ్ళుగా ఈ క్షణం కోసం ఎదురు చూశాడు. తీరా వస్తే నోట్లో ఏ రుచీ లేదు.

హార్క్‌నెస్ ఫోను మోగింది. ల్యాబు వాళ్ళు ఆరబెట్టిన పుస్తకం ఫోటో పంపారు. ఆమె చదివింది. మళ్ళీ చదివింది. ఫోను మెర్వ్ చేతికిచ్చింది. పేజీ ముడతలు పడి, అంచులు చిరిగి ఉంది. పెన్సిలు గీత మాత్రం ఒక్కటి చెరగలేదు.

గురువారం, ఏడూ ఐదు, వంతెన. వేడి పద్నాలుగు. బురద నలభై పైన. పక్కన ఇతర విషయాలు అన్న గడిలో బెరిల్ చిన్న గుండ్రటి అక్షరాలు: "వానకి ఇంత మట్టి రాదు. ఎల్‌స్పెత్ అడవిలో పెద్ద బండ్లు నేల తవ్వాయి. చెట్లకి గులాబీ రిబ్బన్లు. లాయరు పంపిన కాగితంలో నా సంతకం ఉంది. నేను పెట్టలేదు. ఆనకట్ట దగ్గర గ్రేమ్‌ని అడగాలి."

గులాబీ రిబ్బన్లు. వాటి పక్కనుంచే నడిచి వచ్చాడు. బృందం లెక్క అనుకున్నాడు.

"అమ్మేశావా?" మెర్వ్ గొంతు అతనికే కొత్తగా వినబడింది. "మా అమ్మ ఇచ్చిందాన్ని?"

పెతెరిక్ తన చేతుల వైపు చూసుకున్నాడు. గోళ్ళ కింద మట్టి.

"వాగు మొత్తం రెండు వందల ఎకరాలు," అన్నాడు. "ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఆగిపోయి రెండేళ్ళు. పనికొచ్చే వాళ్ళు తొమ్మిది మంది, అందరూ అరవై దాటిన వాళ్ళే. మేం పోయాక? ఒక ముక్క వదులుకుంటే మిగతాదంతా నిలబడుతుందనుకున్నాను. ఇళ్ళు కట్టే వాళ్ళు అడిగారు. బృందం తరఫున నాదీ బెరిల్‌దీ, ఇద్దరి సంతకాలు కావాలి. బెరిల్ ఒప్పుకోదని తెలుసు. అందుకని... ఆవిడకి తర్వాత చెబుదామనుకున్నాను. బుధవారం ఫోన్ చేసింది. పొద్దున ఆనకట్ట దగ్గరకి రా, ముఖాన చెప్పు అంది. బతిమాలదామనే వెళ్ళాను. చెట్ల వెనక నిలబడి ఏం చెప్పాలా అని... ఎంత ఆలోచించినా మాటలు రాలేదు. ఆవిడ వచ్చింది. నీళ్ళ మీదకి వంగింది. ఆనకట్ట రాళ్ళ మీదుగా దాటి ఆవిడ వెనక్కి వెళ్ళాను. పోలీసులకి చెబుతానంది, తలైనా తిప్పకుండా."

"బతిమాలడానికి గొడ్డలి పట్టుకెళ్ళావా?"

"కలుపు పార. ఎప్పుడూ చేతిలో ఉండేదే." పెతెరిక్ కలం కింద పెట్టాడు. "నువ్వు చెప్పు మెర్వ్. రెండు వందల కోసం ఒక ముక్క. తప్పా?"

హార్క్‌నెస్ లేచి, పెతెరిక్‌ని అరెస్టు చేస్తున్నానని చెప్పి, అతని హక్కులు చదివి, స్టేషన్‌కి ఫోన్ చేసి డారిల్ స్పర్జన్‌ని కోర్టుకి తీసుకురావద్దని చెప్పింది. అప్పుడు వినబడింది. కంచె అవతల, చెట్ల వెనక, రంపం యంత్రం ఒకటి దగ్గి, ఆగి, మళ్ళీ దగ్గి అందుకుంది. దానికి జవాబుగా ఇంకోటి.

"ఆపు వాళ్ళని!" మెర్వ్ వరండా మెట్లు రెండేసి దూకాడు. "లోర్నా, దొంగ సంతకం అది, ఆపించు!"

"రిజిస్ట్రేషన్ ఎప్పుడైంది?" అని ఆమె పెతెరిక్‌ని అడిగింది.

"బుధవారం. మూడింటికి."

హార్క్‌నెస్ వరండా అంచున నిలబడింది. "కొన్నవాళ్ళకి దొంగతనం సంగతి తెలీకపోతే భూమి వాళ్ళదే మెర్వ్. రిజిస్ట్రేషన్ అయిపోయాక ఇక్కడి చట్టం అంతే. సంతకం దొంగదని తేల్చడానికే నెలలు పడుతుంది. ఈ లోపు నేను రంపం ముందు నిలబడలేను."

"నేను నిలబడతా."

"నిలబడితే నిన్నే పట్టుకెళ్ళాలి." ఆమె గొంతులో ఈసారి ఎగతాళి లేదు. నోటు పుస్తకం తెరిచింది. "ఫిర్యాదు రాసుకుంటాను. ఇవ్వాళే కోర్టులో పడేస్తాను, ఎవరైనా జడ్జి దయ తలిస్తే సోమవారానికి ఆర్డరు రావొచ్చు. నువ్వే ఫిర్యాదీవి. భూమి ఎవరిది, ఎక్కడ, ఎంత, సరిగ్గా చెప్పు."

అడవిలో మొదటి చెట్టు విరిగింది. పోసమ్ పెట్టె ఉన్న చెట్టో కాదో ఇక్కణ్ణించి తెలీదు. ఆ చప్పుడు నేల మీదుగా వచ్చి మెట్లకి తగిలి, బూట్లలోంచి మోకాళ్ళ దాకా పాకింది. తొమ్మిదేళ్ళుగా ఆ లెక్కని కనబడ్డ ప్రతివాడికీ అప్పజెప్పిన మనిషి, ఇప్పుడు మొదటిసారి దాన్ని రాసుకునే మనిషికి చెప్పాడు.

"ఎల్‌స్పెత్ టన్నిక్లిఫ్‌ది," అన్నాడు. "కర్రాబిన్ వాగు, తూర్పు గట్టు. పదకొండు ఎకరాల పావు."

హార్క్‌నెస్ రాసుకుంది. పెన్సిలుతో.